స్కాచ్ అయితే హాని లేదా?

గన్నవరం విమానాశ్రయంలో దిగే మన పిల్లల పెట్టెల్లో తండ్రికో, మామగారికో ఒక స్కాచ్ సీసా ఉండడం కృష్ణా జిల్లాలో కొత్త ముచ్చట కాదు. విదేశాల నుంచి వచ్చేవారు సుంకం కట్టకుండా రెండు లీటర్ల మద్యం వెంట తెచ్చుకోవచ్చు. నేను వృత్తిలో ఉన్న రోజుల్లో, కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరిన ఒక పెద్దమనిషిని పామర్రు వైపు నుంచి తీసుకువచ్చారు. మద్యం అలవాటు ఉన్నదా అని అడగ్గానే ఆయన భార్య అందుకున్నారు. "నాటుసారా లాంటివి ముట్టరండీ. మా అబ్బాయి తెచ్చిన స్కాచ్, అది అయిపోతే ఇక్కడి మంచి కంపెనీది. రాత్రి మూడు పెగ్గులు, అంతకు మించదు." ఆ మాటలో కొంత గర్వమూ ఉంది, భర్తను కాపాడుకునే తాపత్రయమూ ఉంది. "మంచి సరుకు అయితే హాని చేయదు" అనే ఈ నమ్మకాన్ని చదువుకున్నవారి నోట కూడా ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

స్కాచ్‌ను నేను తక్కువ చేయను. స్కాట్లండ్ రాజఖజానా లెక్కల్లో 1494 నాటికే ఒక సన్యాసికి మద్యం తయారీ కోసం మాల్టు ఇచ్చిన పద్దు కనిపిస్తుంది. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, పులియబెట్టి రాగి పాత్రల్లో బట్టీ పట్టేది మాల్ట్ విస్కీ. 1830లో ఈనియాస్ కాఫీ పేటెంటు పొందిన నిలువు బట్టీతో ఇతర ధాన్యాల నుంచి తేలికైన విస్కీ చవకగా, ఎడతెగకుండా తీయడం సాధ్యమైంది. ఈ రెండింటినీ కలిపితే వచ్చేదే బ్లెండెడ్ స్కాచ్. ఈ కలపడాన్ని పెంచి పోషించినవారిలో కిరాణా వర్తకులు ఉన్నారు. కిల్మార్నాక్‌లో 1820లో దుకాణం తెరిచిన జాన్ వాకర్ అలాంటివాడే. మన ఇళ్లలో పీబెర్రీ, ప్లాంటేషన్ గింజలు పాళ్లు చూసుకుని కాఫీపొడి పట్టించుకోవడం వంటిదే ఆ విద్య. కనీసం మూడేళ్లు స్కాట్లండ్‌లోనే ఓక్ పీపాలో ఉండాలి, 40 శాతానికి తగ్గకూడదు. సీసా మీద 12 ఏళ్లు అని ఉంటే, అందులోని అతి చిన్న వయసు విస్కీకి 12 ఏళ్లన్నమాట. ఏటా పీపాలోంచి సుమారు రెండు శాతం ఆవిరైపోతుంది. దానిని వారు 'దేవదూతల వాటా' అంటారు.

మన దేశపు మామూలు విస్కీల కథ వేరు. వాటిలో అధికభాగం చెరకు మడ్డి నుంచో, నూకల వంటి ధాన్యం నుంచో తీసిన శుద్ధ స్పిరిట్. దానికి కొంత మాల్టు, రంగు, రుచి కలుపుతారు. చెరకూ వరీ పండే మన డెల్టాకు ఈ ముడిసరుకులు రెండూ పరాయివి కావు. మడ్డి నుంచి తీసినదాన్ని విస్కీ అనే పేరుతో అమ్మడానికి యూరప్ ఒప్పుకోదు. అయితే రంగు కలపడం మన పాపమే అనుకోకండి. స్కాచ్‌లోనూ పంచదార మాడ్చిన రంగుకు చట్టం అనుమతి ఇస్తుంది.

ఈ తేడాలన్నీ నాలుకకు, ముక్కుకు సంబంధించినవి. కాలేయానికి చేరేసరికి ఏమి మిగులుతుందో లెక్క వేద్దాం. మూడు పెద్ద పెగ్గులంటే 180 మిల్లీలీటర్లు, అనగా క్వార్టరు. మన విస్కీ 42.8 శాతం కనుక అందులో దాదాపు 61 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 40 శాతం స్కాచ్ అయితే 57 గ్రాములు. వేల రూపాయల వ్యత్యాసానికి శరీరం ఇచ్చే రాయితీ నాలుగు గ్రాములు! కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే ఖర్చు చేయగలదు. ఆ క్రమంలో ఆల్కహాలు మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. బార్లీ నుంచి వచ్చిందా, మడ్డి నుంచి వచ్చిందా అని కాలేయం అడగదు. పీపాలో గడిపిన ఏళ్లు రుచినిచ్చే పదార్థాలను చేరుస్తాయి గాని ఆల్కహాలు స్వభావాన్ని మార్చవు. మద్యాన్ని క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో 1988లోనే చేర్చారు. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

విస్కీని నిజంగా ఎరిగినవాడు ఎలా రుచి చూస్తాడో కూడా చెప్పాలి. మూతి సన్నని గ్లాసులో కొద్దిగా పోసి, కాసిని నీళ్లు కలిపి, ఎక్కువగా వాసన మీదనే తీర్పు చెబుతాడు. పాళ్లు నిర్ణయించే నిపుణుడి పనిముట్టు ముక్కు. నోట్లో పోసుకున్నా ఉమ్మివేయడమే పద్ధతి. స్కాచ్ సంస్కృతి గురించి గొప్పగా చెప్పే మన మిత్రులు ఈ భాగాన్ని మాత్రం ఎందుకో దిగుమతి చేసుకోలేదు.

న్యాయంగా ఒక తేడా ఒప్పుకోవాలి. కల్తీసారాలో మిథనాల్ ఉంటే ఒక్క రాత్రిలో చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. ముద్ర చెదరని అసలు సీసాలో ఆ భయం ఉండదు. కాని స్కాచ్ ఖాళీ సీసాలను పాతసామాన్ల వారికి అమ్మితే అవి మళ్లీ నిండే ప్రమాదం ఉంది. లేబులు చించి, మూత పాడుచేసి పారవేయండి.

2025 జూలై 24న బ్రిటన్‌తో మనం చేసుకున్న వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీది 150 శాతం సుంకం మొదట 75కు, పదేళ్లలో 40కి దిగాలి. ధర దిగితే ఆ సీసా పండుగ వస్తువుగా మిగలదు, రోజువారీది అవుతుంది. నా ఆందోళన అదే. పామర్రు పెద్దమనిషి ఇంట్లో "మంచిది" అన్న పేరు లేకపోయి ఉంటే, రాత్రికి మూడు పెగ్గులను ఎవరో ఒకరు ముందే ప్రశ్నించి ఉండేవారు. మేము చూసేసరికి కాలేయం గట్టిపడిపోయింది.

మీ ఇంట్లో రోజూ తాగేవారు ఉంటే కాలేయ పరీక్షలు, పొట్ట స్కానింగు చేయించండి. పచ్చకామెర్ల వరకు ఆగకండి. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. కనుక మానడం వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే జాతీయ వ్యసన విముక్తి సహాయ కేంద్రం 14446కు ఫోను చేయండి. ఏ కంపెనీ తాగుతారని వారు అడగరు, ఎంత, ఎన్నాళ్లుగా అని అడుగుతారు.