ఆల్బేనియా తీరము: అతిథులెవరు, యజమానులెవరు?

గ్రీసుదేశమున కుత్తరమున ఏడ్రియాటిక్ సముద్రతీరమందున్న ఆల్బేనియాను గూర్చి మన పాఠకులలో పెక్కురకు విశేషముగా తెలిసియుండదు. కలకత్తాలో జీవితమును ధారపోసిన మదర్ థెరీసా పుట్టుకచే ఆ జాతికి చెందినది. టిరానా నగరపు విమానాశ్రయమునకు ఆమె పేరే పెట్టియున్నారు. 2023 నాటి జనాభాలెక్కలలో ఇరువదినాలుగు లక్షలమంది మాత్రమే తేలిన ఈ దేశమునకు 2024 సంవత్సరమున వచ్చిన విదేశీయుల సంఖ్య కోటి పదునేడు లక్షలకు సమీపించినది. ఇంటివారి కంటె చుట్టములు ఇంచుమించు అయిదురెట్లు! వీరిలో పొరుగుననున్న కొసోవో నుండి వచ్చు స్వజాతీయులే మిక్కుటముగా నుందురు గావున ఈ అంకెను చూచి మురియువారు కొంత తగ్గించుకొని మురియుట మంచిది. అయినను ఇది సామాన్యమైన మార్పు కాదు.

ఈ దేశము నలువదియైదేండ్లకు పైగా తలుపులు బిగించుకొని కూర్చుండెను. 1944లో అధికారమునకు వచ్చి 1985లో మరణించువఱకు ఏలిన ఎన్వర్ హోజా, 1948లో యుగోస్లావియాతోను, 1961లో రష్యాతోను, 1978లో చీనాతోను తగవు తెచ్చుకొని, లోకమంతయు తనపై దండెత్తనున్నదను భీతితో పొలములందును, కొండలయందును, సముద్రపుటొడ్డునను లక్షన్నరకు మించిన కాంక్రీటు బంకర్లను కట్టించెను. 1967లో మసీదులను, చర్చీలను మూయించి తమది నాస్తికరాజ్యమని ప్రకటించెను. ఆనాడు కొద్దిమంది విదేశీయులు ప్రభుత్వపు యాత్రాసంస్థ ద్వారా, గుంపులుగా, మార్గదర్శి వెంట నడచినచో మాత్రమే అనుమతి లభించెడిది. గడ్డములు పెంచిన యాత్రికునికి సరిహద్దుననే మంగలి సిద్ధముగా నుండెడివాడు. అదియు నొక అతిథిసత్కారమే కాబోలు! ఆ బంకర్లలోనే 2014 మొదలు టిరానాలో ప్రదర్శనశాలలు నెలకొల్పి, నాటి భీతిని నేడు టిక్కెట్టు పెట్టి చూపుచున్నారు. ఇందులో మేము తప్పుపట్టునదేమియు లేదు. తమ కష్టచరిత్రను తామే చెప్పుకొనుట ఆత్మగౌరవమునకు లక్షణము.

మా సందేహమంతయు భూమిని గూర్చినది. కమ్యూనిస్టు ప్రభుత్వము వ్యవసాయమును సమష్టిక్షేత్రములుగా మార్చినది. 1976 నాటి రాజ్యాంగము విదేశీ కంపెనీలకు ఎట్టి రాయితీలను ఇయ్యరాదని శాసించినది. ఆ ప్రభుత్వము కూలినపిదప 1991లో చేసిన శాసనము సమష్టిక్షేత్రముల భూమిని, అప్పుడు సేద్యము చేయుచున్న కుటుంబములకు తలకింత యని పంచిపెట్టెను. తాతలనాటి యజమానుల మాట ఎత్తినవారు లేరు. ఉత్తరపు కొండసీమలలో అనేక గ్రామములు ఈ పంపకమును త్రోసిపుచ్చి పాత పొలిమేరల ప్రకారమే పంచుకొన్నవి. 1993లో పూర్వయజమానులకు ఆస్తినో పరిహారమునో యిప్పింతుమని మఱియొక శాసనము వచ్చెను. ఒకే చెక్కకు ఇద్దరు హక్కుదారులు! వ్యాజ్యములు పేరుకొని, 2012లో యూరోపియను మానవహక్కుల న్యాయస్థానము ఈ పరిహారవిషయమున ఆల్బేనియా ప్రభుత్వమునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పవలసి వచ్చెను. కాగితము తేలని భూమిపై దావా వేసిన కుటుంబము ఎన్ని తరములు కోర్టుల చుట్టు తిరుగునో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ కాగితములు తేలకముందే హోటళ్ల కాలము వచ్చినది. 2013లో ప్రధానమంత్రియైన ఈడీ రామా ప్రభుత్వము 2015లో పెద్ద పెట్టుబడిదారులకు ప్రత్యేక హోదా నిచ్చు శాసనమును చేసినది; 2018లో పేరుపొందిన పెద్ద హోటళ్లకు పదేండ్లు లాభములపై పన్ను మినహాయించినది. ఒకటి రెండు గదులు అద్దెకిచ్చి బ్రతుకు పల్లెటూరి గృహస్థునకు ఇట్టి దయ లేదు. 2024 ఫిబ్రవరిలో రక్షితప్రదేశముల శాసనమును సవరించి, ఆ ప్రదేశములలో సైతము అయిదు నక్షత్రముల హోటళ్లు కట్టుటకు ద్వారములు తెరచిరి. ఆ యేడు ముగియుచుండగా, ఒకనాడు సైనికస్థావరమైన సాజాన్ ద్వీపమున నూటనలుబది కోట్ల యూరోల విహారస్థలమును నిర్మింపదలచిన జారెడ్ కుష్నర్ కంపెనీకి ఆ ప్రత్యేక హోదా లభించినది. ఈయన అమెరికా అధ్యక్షుడు ట్రంపునకు అల్లుడు.

ద్వీపమున కెదుటి ఒడ్డున నార్తా సరస్సు కలదు. అందు మేయు ఫ్లెమింగోలు మన పులికాట్ సరస్సునకు శీతకాలమున వచ్చు పక్షుల జాతివే. ఆ రక్షితభూమియందే వ్లోరా విమానాశ్రయమును కట్టుట ప్రారంభించిరి. వన్యజీవుల రక్షణకై యూరోపు దేశములు చేసికొన్న బెర్న్ ఒడంబడిక సంఘము పనులను నిలుపుమని చెప్పినను ప్రభుత్వము చెవిని పెట్టలేదు. ఇదే ప్రభుత్వము 2023 మార్చిలో వ్యోసా నదిని యూరోపున మొదటి స్వేచ్ఛానదీ వనముగా ప్రకటించి లోకముచే ప్రశంసలు పొందినది. ఆ ప్రశంసకు ఆ ప్రభుత్వము నిజముగ అర్హమైనది. కాని వ్యోసాకు ఉపనదియైన శుషిత్సా నీటిని తీరప్రాంతపు యాత్రాస్థలముల దాహము తీర్చుటకై మళ్లించు పనికి పూనుకొన్నపుడు, ఆ లోయలోని రైతులు వీధుల కెక్కిరి. నది పేరు వనములో చేరెను. నీరు గొట్టములలో చేరవలసియున్నది!

యాత్రికులు వలదని మే మనము. 2011లో ఇరువదెనిమిది లక్షలుగానుండిన జనసంఖ్య పండ్రెండేండ్లలో నాలుగు లక్షలు తగ్గినది. యువకులు ఇటలీకి, గ్రీసునకు, జర్మనీకి వలసపోవుచున్నారు. వారిని ఇంటనుంచు జీవనోపాధి ఏదియైనను స్వాగతార్హమే. బెరాత్, జిరొకాస్తర్ పట్టణములలోని పురాతనగృహములు, బుత్రింత్ నందలి గ్రీకు, రోమను శిథిలములు ప్రపంచవారసత్వ జాబితాలో నున్నవి. వీనిని చూడవచ్చువాడు ఆ యూరివాని యింటనే బసచేసి, ఆ తోటలోని ఆలివు నూనెతో వండిన భోజనమే భుజించును. పన్ను మినహాయింపు కావలసినది ఆ గృహస్థునకే. తీరమందలి ప్రతి చెక్కకును హక్కుపత్రము తేల్చి, ప్రభుత్వభూమి కౌలుషరతులను బహిరంగముగా ప్రకటించి, ఆ పిమ్మటనే బేరములకు దిగుట న్యాయము. ఆనాడు పార్టీ కార్యాలయమున ఒకరి చేవ్రాలుతో భూమి చేతులు మాఱెను. నేడు పెట్టుబడిసంఘపు చేవ్రాలుతో మాఱుచున్నది. తీరమందలి రైతు రెండుమార్లును ఆ గది వెలుపలనే నిలిచియున్నాడు.