చమురు పొదుపు: బాధ్యత ఎవరిది?

అంతర్జాతీయ విపణిలో ముడిచమురు ధర పెరిగినప్పుడల్లా మన పాలకులకు పొదుపు గుర్తుకు వస్తుంది. వాహనాన్ని నిదానంగా నడపండి, కూడలి వద్ద ఇంజను ఆపండి అంటూ ప్రజలకు హితబోధ మొదలవుతుంది. సలహాలు మంచివే. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఏళ్ల తరబడి ఈ ప్రచారమే సాగిస్తున్నది. అయితే దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచి వస్తున్నప్పుడు, పొదుపు భారాన్నంతా పౌరుడిపై మోపి ప్రభుత్వం పక్కకు తప్పుకోవడం సమంజసం కాదు.

ఈ దెబ్బ కొత్తది కాదు. 1973 అరబ్ - ఇజ్రాయెల్ యుద్ధంతో చమురు ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగింతలయింది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో పెరిగిన చమురు పద్దు, 1991లో మన బంగారాన్ని విదేశాల్లో కుదువ పెట్టవలసిన దుస్థితికి ఒక కారణం. 2022లో పొరుగున ఉన్న శ్రీలంకలో విదేశీ మారకద్రవ్యం అడుగంటి, అత్యవసర సేవలకు తప్ప ఇంధన విక్రయాలనే కొన్నాళ్లు నిలిపివేయవలసి వచ్చింది.

ధర పెరిగితే వాడకం దానంతట అదే తగ్గుతుందని కొందరు ఆర్థికవేత్తల వాదన. 2010లో పెట్రోలుపైన, 2014లో డీజిల్‌పైన ధరల నియంత్రణ ఎత్తివేయడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. కాని ఈ సూత్రం ప్రత్యామ్నాయం ఉన్నవారికే వర్తిస్తుంది. బస్సు రాని ఊరి నుంచి పనికి వెళ్లే కార్మికుడు, డీజిల్ ఇంజనుతో పొలానికి నీరు తోడే రైతు వాడకం తగ్గించుకోలేరు. తిండి ఖర్చు తగ్గించుకుంటారు.

దేశంలో వాడే పెట్రోలియం ఉత్పత్తుల్లో దాదాపు అయిదింట రెండు వంతులు డీజిలే. అందులో పెద్ద భాగం లారీలకు పోతున్నది. పెట్రోలులో ఇథనాల్ కలపడం 2025 నాటికి 20 శాతానికి చేరినా, డీజిల్ సమస్య అలాగే మిగిలింది. కనుక అసలు పొదుపు సరుకు రవాణాలో జరగాలి. అదే సరుకును అంతే దూరం తీసుకుపోవడానికి లారీ కన్నా రైలుకు ఎంతో తక్కువ ఇంధనం సరిపోతుంది. పైగా బ్రాడ్‌గేజ్ మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తయినందున, రైలెక్కిన ప్రతి టన్ను సరుకూ దిగుమతి డీజిల్‌ను ఆదా చేసినట్లే. అయినా సరుకులో అత్యధిక భాగం నేడు రోడ్డుపైనే సాగుతున్నది. 2006లో లూధియానాలో శంకుస్థాపన జరిగిన తూర్పు సరుకు రవాణా కారిడార్ 2023లో గాని పూర్తి కాలేదు.

నిధుల కొరత అన్న జవాబు చెల్లదు. 2020లో ముడిచమురు ధర కుప్పకూలినప్పుడు కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని లీటరు పెట్రోలుపై 13 రూపాయలు, డీజిల్‌పై 16 రూపాయలు పెంచింది. 2021, 2022లలో ఆ పెంపు మేరకు తగ్గించినా, చమురు పన్నులు కేంద్రానికీ రాష్ట్రాలకూ కామధేనువులుగానే ఉన్నాయి. వాడకం పెరిగితే ఖజానా నిండే ఏర్పాటులో పొదుపు పట్ల ప్రభుత్వాలకు నిజమైన ఆసక్తి ఎక్కడిది?

చమురు చవకగా ఉన్నప్పుడు వచ్చే అదనపు పన్నులో నిర్ణీత భాగాన్ని రైలు మార్గాలకు, పల్లె బస్సులకు, సౌర పంపుసెట్లకు చట్టబద్ధంగా కేటాయించాలి. ధర మండిన తరువాత రైలు మార్గం వేయడం సాధ్యం కాదు. ఆ పని ముందుగా చేసిన ప్రభుత్వానికే పొదుపు గురించి ప్రజలకు చెప్పే అర్హత ఉంటుంది.