నిమిషాల్లో నిండే బ్యాటరీ, తరిగే ఆయుష్షు

వేగంగా చార్జ్ చేయడం సాధ్యమే. అయితే ఆ వేగానికి బ్యాటరీ మూల్యం చెల్లించుకోవాలి

రైల్వే కొలువుల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా సొంతూరు లాంటిది. బెంగాల్ అంతటా ఉన్నట్టే ఇక్కడి వీధుల్లోనూ టోటోలు తిరుగుతుంటాయి. బ్యాటరీ రిక్షాలకు అక్కడి పేరది. చాలా టోటోలను నడిపేది నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలే. అవి నిండాలంటే రాత్రంతా, అంటే 8 నుంచి 10 గంటలు ప్లగ్గుకు తగిలించి ఉంచాలి. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతే సాయంత్రం బేరాలు పోయినట్టే. అందుకే '15 నిమిషాల్లో ఫుల్' అనే మాట డ్రైవర్లను ఊరిస్తుంది.

ఆ వేగం లెడ్ యాసిడ్‌తో కుదరదు. బలవంతంగా కరెంటు ఎక్కిస్తే అందులోని నీరు వాయువులుగా మారి పోతుంది, ప్లేట్లు దెబ్బతింటాయి. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీలు ఈ విషయంలో మెరుగు. వాటికీ హద్దుంది.

ఆ హద్దేమిటో నిమ్‌పురా మార్షలింగ్ యార్డును చూస్తే తెలుస్తుంది. లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు వ్యాగన్లు చకచకా లోపలికి వెళతాయి. నిండేకొద్దీ షంటింగ్ నెమ్మదిస్తుంది. చార్జింగ్‌లో లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి చేరడమూ ఇంతే. తొందరపెడితే అవి లోపలికి దూరలేక పైనే లోహంగా పేరుకుంటాయి. అందులో కొంత మళ్లీ పనికిరాదు. బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది. పేరుకున్న లోహం సూదుల్లా పెరిగి షార్ట్ సర్క్యూట్‌కు, మంటలకు దారితీసే ప్రమాదమూ ఉంది. సుమారు 80 శాతం దాటాక మంచి చార్జర్లు వేగం తగ్గించేది ఇందుకే.

రెండో చిక్కు వేడి. కరెంటు రెట్టింపయితే బ్యాటరీ లోపలి నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. మూడోది కరెంటు సరఫరా. సుమారు 5 యూనిట్లు పట్టే టోటో బ్యాటరీని పావుగంటలో నింపాలంటే 20 కిలోవాట్లు కావాలి. మామూలు ఇంటి కనెక్షన్ అంత భారం మోయలేదు.

పరిష్కారాలు లేకపోలేదు. గ్రాఫైట్ బదులు లిథియం టైటనేట్ వాడితే లోహం పేరుకునే బెడద దాదాపు ఉండదు. నిమిషాల్లో నిండుతుంది, వేలసార్లు చార్జ్ చేసినా తట్టుకుంటుంది. తోషిబా ఈ రకం బ్యాటరీలు తయారుచేస్తోంది. కానీ అదే బరువుకు సుమారు సగం శక్తే నిల్వ ఉంటుంది, ధరా ఎక్కువే. మధ్యేమార్గం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ దీని తయారీపై పరిశోధనలు చేసింది. లిథియం బ్యాటరీల కోసం అమరరాజా సంస్థ 2023లో మహబూబ్‌నగర్ దగ్గర భారీ కర్మాగారానికి శంకుస్థాపన చేసింది.

టోటో డ్రైవర్‌కు నిజంగా కావలసింది పావుగంట వేగం కాదు. రాత్రి నెమ్మదిగా నింపుకుని, మధ్యాహ్నం భోజనవేళ ఓ గంట చార్జ్ చేసుకోగలిగితే చాలు, సాయంత్రం బేరాలు దక్కుతాయి. కొనేముందు 'ఎన్ని నిమిషాల్లో నిండుతుంది?' అని మాత్రమే అడిగితే సరిపోదు. ఆ వేగంతో ఎన్నిసార్లు నింపవచ్చో, వారంటీలో ఆ మాట రాసి ఉందో లేదో కూడా అడగాలి. అప్పు తెచ్చి కొన్న బ్యాటరీ ఆ అప్పు తీరేదాకానైనా పనిచేయాలి కదా.