పంచాయతీదారంటే వేలిముద్ర వేసేవాడు కాదు

మా బాబాయి మూడుసార్లు శవం దగ్గర పంచాయతీదారుగా నిలబడ్డాడు. చెట్టుకు వేలాడిన కుర్రాడు ఒకసారి, వాగులో తేలిన మనిషి ఒకసారి, హాస్టల్లో చనిపోయిన ఆడపిల్ల ఇంకోసారి. "ఆ కాగితంలో ఏం రాశారు బాబాయ్?" అని అడిగితే, "నాకేం తెలుసురా, రాసుకోవడం అయ్యాక పిలిచి ముద్ర వేయించారు" అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ "పంచాయతీదారు" అనే మాట గురించే మాట్లాడుకుందాం.

ఇంగ్లీషు సినిమాల్లో "కరోనర్" అని వింటాం కదా. అనుమానంగా ఎవరైనా చనిపోతే ఎలా చనిపోయారో తేల్చే అధికారి. ఆ పేరు కిరీటం అనే మాట నుంచి పుట్టింది. 1194 నుంచీ ఇంగ్లండులో రాజు తరఫు ఉద్యోగి అన్నమాట. తెల్లవాళ్లు 1871లో చట్టం చేసి కలకత్తా, బొంబాయి లాంటి నగరాలకు ఆ పదవిని ఉంచారు. బొంబాయిలో 1999లో తీసేశారు. మన కొండల్లో కరోనర్ ఎప్పుడూ లేడు.

మరి మన దగ్గర తేల్చేదెవరు? స్టేషన్ అధికారి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు కబురు పెట్టి శవం ఉన్న చోటికి రావాలి. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు, లేదా ఇంకా ఎక్కువమంది పెద్దమనుషుల ముందు శవాన్ని చూడాలి. గాయాలు, విరిగిన ఎముకలు, కమిలిన మచ్చలు, పైకి కనిపించే కారణం రాయాలి. పాత చట్టంలో ఇది 174వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. దీన్నే శవ పంచనామా అంటాం. ఆ పెద్దమనుషులే పంచాయతీదార్లు.

పంచ్ అంటే తీర్పు చెప్పే ఐదుగురు పెద్దలు, నామా అంటే రాత. అంటే పెద్దలు తేల్చిన మాట కాగితం మీద పెట్టడం. ఊళ్లో పంచాయతీ ఎలా జరుగుతుందో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కూచుంటాం, వింటాం, అడుగుతాం, నచ్చకపోతే లేచి చెప్తాం. అదే మనుషులం శవం దగ్గరకొచ్చేసరికి మూగవాళ్లమైపోతాం. మాటలో "తేల్చేవాడు" ఉన్నాడు, వాడుకలో వేలిముద్ర మాత్రమే మిగిలింది.

చట్టం మాత్రం అలా అనలేదు. ఆ రిపోర్టు మీద పోలీసు అధికారితోపాటు సంతకం పెట్టాల్సింది అక్కడున్నవాళ్లలో దానితో ఏకీభవించినవాళ్లు. ఏకీభవించనివాళ్లు పెట్టక్కర్లేదు. రాతపూర్వకంగా పిలిస్తే మాత్రం వెళ్లాలి, తెలిసింది నిజం చెప్పాలి. రావడం వేరు, ఒప్పుకోవడం వేరు.

"పోస్టుమార్టం ఉందిగా, పంచనామాతో ఏమవుద్ది?" అని కొందరంటారు. నిజమే, పంచనామా పని పైకి కనిపించే కారణం చెప్పడం వరకేనని, ఎవరు కొట్టారో అందులో ఉండక్కర్లేదని సుప్రీంకోర్టే చెప్పింది. కానీ శవం గురించి పుట్టే మొదటి కాగితాల్లో అదొకటి. డాక్టరు దగ్గరికి శవంతోపాటు వెళ్లేదీ అదే. మెడ మీద మచ్చ అందులో లేకపోతే, రేపు తల్లి వచ్చి "ఉంది బాబూ, నేను చూశాను" అన్నా, "మీ ఊరివాళ్ల ముద్రలే ఉన్నాయిగా" అంటారు. మన వేలే మనకు ఎదురు సాక్ష్యం చెప్తుంది.

కస్టడీలో చనిపోతే పోలీసుల విచారణతో సరిపోదు, మేజిస్ట్రేటు విచారణ జరగాలి. పోలీసు కాల్పుల్లో చనిపోయినా అంతేనని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విచారణ సంగతి వీలైనంతవరకు బంధువులకు తెలపాలి, వాళ్లను అక్కడ ఉండనివ్వాలి. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

అందుకే చదువుకున్న మనం చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊళ్లో పెద్దల్ని పిలిస్తే పక్కనే వెళ్లి నిలబడండి. రాసింది తెలుగులో చదివించి, కోయలోనో, కువిలోనో, సవరలోనో వాళ్లకు చెప్పండి. చూసిన గాయం రాయలేదంటే రాయమని అడగమనండి. ఒప్పుకోనిదానికి ముద్ర వేయొద్దని ముందే చెప్పి ఉంచండి.

ఆ హాస్టల్ పిల్ల చేతి మీద ఏదో కమిలినట్టు ఉందని బాబాయికి ఇప్పటికీ గుర్తు. అది కాగితంలోకి ఎక్కిందో లేదో మాత్రం ఆయనకు తెలీదు.