సరమ శాపం ఇంకా తీరలేదు



గత జ్యేష్ఠమాసంలో మా ప్రాంతానికి విచ్చేసిన ఒక విద్వాంసుడు నిండుసభలో మూడు మాటలు సెలవిచ్చారు. జంతువులయందలి ప్రేమ కేవలం మోహమని, అది జడభరతుని జన్మపరంపరలో పడవేసిందని మొదటి మాట. శునకం అశుచి గనుక దానిని చేరదీసినవానికి ఉత్తమగతి లేదని రెండవది. మూగజీవాల సాన్నిధ్యంతో మనోవ్యాధి మాన్పుకోవడం పాశ్చాత్యుల ఏకాకితనం పుట్టించిన వేషమని మూడవది. సభ కరతాళధ్వనులు చేసింది. నేను అదే వేదికపై ఆసీనుడనై ఉన్నాను. నోరు మెదపలేదు. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగా ఈ వ్యాసం రాస్తున్నాను.

మా గంగారం మహబూబాబాద్ జిల్లాలో అరణ్యమధ్యస్థమైన మండలం. 2016లో జిల్లాల పునర్విభజన వేళ కొత్తగూడ మండలం నుండి వేరుపడింది. కోయలు, లంబాడాలు అధికంగా నివసించే ఈ పల్లెల్లో ఎద్దు, మేక, కుక్క అనేవి ఆస్తి కన్నా ముందు కుటుంబసభ్యులు. చేనుకాడ మంచె మీద మనిషి కునుకు తీసినా, మంచె కింద కుక్క కునుకు తీయదు. అడవిపంది అలికిడి మొదట దానికే తెలుస్తుంది. తునికాకు కోతకు తెల్లవారుజామున అడవికి నడిచే ఆడవాళ్ల ముందు దారి చూసేదీ అదే.

ఈ పల్లెల్లో ఒకదానిలో ఒక వృద్ధుడున్నాడు. ఒక్కగానొక్క కొడుకు పోయిన దినం నుండి ఆయన మాట్లాడడం మానివేశాడు. మందులు వాడారు, మొక్కులు మొక్కారు, నేనూ శాంతులు చేయించాను. ఏడాది గడిచినా పెదవి విప్పలేదు. ఆ ఇంటి కుక్క, పేరు నల్లోడు, రేయింబవళ్లు ఆయన మంచం కోడును ఆనుకొని పడుకునేది. ఒకనాటి సాయంకాలం అది ముల్లు గుచ్చుకొని కుంటుతూ వచ్చింది. ఆయన దాని కాలు తన తొడమీద పెట్టుకొని ముల్లు తీస్తూ, "ఓర్చుకో నల్లోడా" అన్నాడు. ఏడాదిలో అదే మొదటి మాట. తరువాత కోడలితో, మనుమలతో, చివరకు నాతో కూడా మాట్లాడాడు.

నాతో ఆడిన మాట చెప్పక తప్పదు. గుడి బలిపీఠం దగ్గర అన్నం మెతుకులకు వచ్చిన నల్లోణ్ణి నేను కర్రతో అదిలించాను. ఆయన దూరంగా నిలబడి, "అయ్యగారూ, దేవుడు చూసి వదిలేసిన బువ్వనే గదా అది తింటున్నది, ఎందుకు కొడతున్నరు?" అన్నాడు. ఇరువది సంవత్సరాల వేదాధ్యయనం నాకు ఆ క్షణాన ఒక్క సమాధానం కూడా అందించలేదు.

ఈ వర్షాకాలంలో ఆ పల్లెలో కుక్కలకు విషం కలిపిన మాంసం పెట్టారు. ఎవరు పెట్టించారో పేరు రాయను, ఆ పేరుతో ఇక్కడ పని లేదు. నల్లోడు పోయాడు. వృద్ధుడు మళ్లీ మాట మానివేశాడు. నేను పలకరించడానికి వెళ్లినప్పుడు అక్కడున్న ఒక పెద్దమనిషి, "కుక్కకోసం ఏడవడం మోహమని ఆనాడు సభలో శాస్త్రులవారే చెప్పిరి గద పంతులూ" అన్నాడు. శాస్త్రం ఏ పనికి వినియోగపడుతున్నదో అప్పుడు అర్థమైంది. కనుక శాస్త్రంతోనే సమాధానం చెప్పుకుందాం.

మొదట అశౌచవాదం. ఈ పూర్వపక్షం కొత్తది కాదు. మహాప్రస్థానిక పర్వంలో దీనిని చేసినవాడు సాక్షాత్తు దేవేంద్రుడు. స్వర్గద్వారం దగ్గర రథం నిలిపి, కుక్కను వెంటబెట్టుకున్నవానికి స్వర్గంలో చోటు లేదని, అటువంటివాని పుణ్యం సైతం హరించిపోతుందని, దానిని విడిచి రమ్మని ధర్మరాజును నిర్బంధించాడు. ధర్మరాజు ఏమన్నాడు? భక్తితో ఆశ్రయించినదానిని విడిచిపెట్టడం బ్రహ్మహత్యతో సమానమన్నాడు, ఆ స్వర్గమే వద్దన్నాడు. అప్పుడు ఆ శునకం ధర్మదేవతగా ప్రత్యక్షమైంది. అనగా ఈ వాదంలో ఇంద్రుడు ఓడిపోయాడు. ఇంద్రుడు ఓడిన వాదాన్ని మన పండితుడు మళ్లీ సభకెక్కించాడు.

ఆ మహాగ్రంథం ముగింపులోనే కాదు, ఆరంభంలోనూ శునకమే ఉంది. జనమేజయుని యాగశాలకు వచ్చిన సారమేయాన్ని అతని తమ్ముళ్లు కొట్టారు. అది హవిస్సును నాకలేదు, కన్నెత్తి చూడనూ లేదు. తల్లి సరమ వచ్చి, నిరపరాధిని ఎందుకు కొట్టారని నిలదీసింది. సమాధానం రాలేదు. అనుకోని భయం కలుగునని శపించి వెళ్లింది. చక్రవర్తి కలత చెంది, ఆ దోషం శమింపజేయగల పురోహితుణ్ణి వెదుక్కుంటూ బయలుదేరాడు. నన్నయభట్టారకుడు ఈ కథను తెనుగు భారతం ఆదిపర్వంలోనే నిలిపాడు. మన భాషలో మహాకావ్యం ఒక కుక్క న్యాయం అడగడంతో మొదలవుతున్నదని ఎందరు గుర్తిస్తున్నారు?

ఈ సరమ సామాన్య కాదు. ఋగ్వేదం దశమ మండలంలో పణులు దాచిన గోవుల జాడ కనిపెట్టిన దేవశుని ఆమె. గోపూజ చేస్తూ శునకాన్ని ద్వేషించేవారు ఒక్కసారి ఆలోచించాలి. ఆ గోవులను వెదకి ఆచూకీ తెచ్చినది ఎవరు?

అయితే ధర్మశాస్త్రం శునకస్పర్శకు శుద్ధి చెప్పలేదా? చెప్పింది. నేనూ పాటిస్తాను. అర్చనవేళ స్పృశిస్తే స్నానం చేస్తాను. కాని శౌచనియమం కర్మకు అంగం, క్రౌర్యానికి అనుమతిపత్రం కాదు. వైద్యుడు రోగిని తాకి చేతులు కడుక్కుంటాడు, అంతమాత్రాన రోగిని ద్వేషిస్తున్నాడా? ఆ శాస్త్రమే గృహస్థునికి ప్రతిదినం భూతయజ్ఞాన్ని విధించి, కుక్కలకూ కాకులకూ పురుగులకూ అన్నం పెట్టిన తరువాతనే నీవు తినమన్నది. స్నానవిధిని కంఠస్థం చేసి బలివిధిని మరచినవాడు శాస్త్రజ్ఞుడు ఎట్లా అవుతాడు? ఇంకొక మాట. కుక్కను అశుచి అన్న నోటితోనే మనం ఒకప్పుడు మనుష్యులనూ అశుచులన్నాం. ఆ పాపం ఇంకా కడుక్కుంటూనే ఉన్నాం. గీత అయిదవ అధ్యాయంలో భగవానుడు విద్వాంసుని, గోవును, గజాన్ని, శునకాన్ని, సమాజం దూరంగా నెట్టిన మనిషిని ఒకే వరుసలో నిలిపి, వారందరియందు సమదృష్టి గలవాడే పండితుడన్నాడు. వేదికపై శాలువా కప్పించుకున్నవాడు పండితుడని అనలేదు.

రెండవది మోహవాదం. జడభరతుని వృత్తాంతాన్ని భాగవతం పంచమస్కంధంలో పూర్తిగా చదవాలి. సింహగర్జనకు బెదరిన లేడి నదిని దాటబోతూ ప్రసవించి మరణించింది. ప్రవాహంలో పడిన పిల్లను భరతుడు కాపాడాడు. ఆ కాపాడడాన్ని గ్రంథం ఎక్కడా నిందించలేదు. క్రమంగా నిత్యానుష్ఠానం విడిచి, ధ్యానం విడిచి, 'నాది' అనే భావంలో చిక్కుకొని, మరణకాలంలో సైతం ఆ చింతలోనే ఉండడం దోషమైంది. దోషం మమకారంలో ఉంది, కరుణలో లేదు. ఒక లేడిపిల్లను 'నాది' అనుకున్నవాడు బద్ధుడు, సకలప్రాణులలో తననే చూసినవాడు ముక్తుడు. మొదటిదానికి విరుగుడు రెండవది. మూగప్రాణికి ముద్ద పెట్టకపోవడం విరుగుడు కాదు.

పైగా ఈ వైరాగ్యం ఎంత విచిత్రమైనదో చూడండి. కొడుకుకు పొలం కొంటున్నప్పుడు జడభరతుడు గుర్తుకు రాడు. కూతురికి బంగారం చేయిస్తున్నప్పుడు గుర్తుకు రాడు. వాకిట్లో ఆకలిగొన్న కుక్క తోక ఊపినప్పుడు మాత్రమే వైరాగ్యశతకమంతా ఒక్కసారి స్ఫురిస్తుంది. ఇది లోభానికి వేసిన కాషాయం.

మూడవది పాశ్చాత్యవాదం. ఛాందోగ్యంలో గౌతముడు సత్యకామ జాబాలునికి ఉపదేశానికి ముందు ఇచ్చినవి బక్కచిక్కిన 400 గోవులు. అవి వేయి అయ్యేదాకా తిరిగిరానని అతడు అడవికి వెళ్లాడు. సంవత్సరాల తరబడి ఆ దుర్బలజీవాలను మేపి పోషించాడు. మందను స్వస్థపరచినవానికి వృషభమే మొదటి బ్రహ్మపాదాన్ని ఉపదేశించింది. తరువాత అగ్ని, హంస, మద్గుపక్షి. తిరిగివచ్చిన శిష్యుని ముఖంలో బ్రహ్మవర్చస్సును గురువు గుర్తించాడు. పరస్పర స్వస్థతకు ఇంతకన్న ప్రాచీనమైన దృష్టాంతం కావాలా? అజ్ఞాతవాసంలో నకులుడు అశ్వపాలకుడుగా, సహదేవుడు గోపాలకుడుగా విరటుని కొలిచారు. పశువైద్యం రాజపుత్రులకు అవమానం కాలేదు. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం, పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదం వెలసినవి ఈ భూమిలోనే.

మన తెలుగుగడ్డ మీదనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై, క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దినాటి అశోకుని శాసనాలున్నాయి. వాటిలో రెండవ శిలాశాసనం మనుష్యచికిత్సను, పశుచికిత్సను ఒక్క ఊపిరిలో చెబుతుంది. మనుషులకూ పశువులకూ ఉపయోగపడేటట్లు ఓషధులు నాటించానని, బావులు తవ్వించానని చక్రవర్తి చాటుకున్నాడు. ఇది పాశ్చాత్యమా?

ఇక పశ్చిమదేశాలవారు చెప్పినంతమాత్రాన సత్యం అసత్యం కాదు. 1962లో బోరిస్ లెవిన్సన్ అనే అమెరికా మనశ్శాస్త్రవేత్త, ఎవరితోనూ కలవని బాలుడు తన కుక్క జింగిల్స్ దగ్గర మనసు విప్పడం గమనించి, శునకాన్ని సహవైద్యునిగా పేర్కొంటూ వ్యాసం ప్రకటించాడు. 2015లో జపాన్ శాస్త్రజ్ఞులు, యజమాని, కుక్క పరస్పరం కళ్లలోకి చూసుకున్నప్పుడు ఇద్దరి శరీరాలలోనూ ఆక్సిటోసిన్ అనే ద్రవ్యం పెరుగుతున్నదని చూపారు. తల్లికీ పసిబిడ్డకూ నడుమ వాత్సల్యాన్ని పోషించే ద్రవ్యం అదే. మంచం కోడు దగ్గర మా వృద్ధునికి జరిగినదాన్ని వారు ప్రయోగశాలలో కొలిచారు, అంతే.

మన పక్షంవారి తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఇది పక్షపాతమవుతుంది. 2023 ఫిబ్రవరిలో కేంద్ర జంతుసంక్షేమ మండలి, ఆ నెల 14వ తేదీన గోవును కౌగిలించుకోండి, భావసంపద కలుగుతుంది అని పిలుపునిచ్చి, నాలుగు రోజులకే ఉపసంహరించుకుంది. గోవు పవిత్రమే. కాని కౌగిలి ఒకరోజు ఉత్సవమా? గాలికుంటు సోకి డెక్కలు పుండ్లై నడవలేని ఆవు మనను కౌగిలి అడగదు, మందు అడుగుతుంది. 2022లో ముద్దచర్మవ్యాధి దేశమంతటా పశువులను పీడించినప్పుడు, ఒంటినిండా బొబ్బలతో ఉన్నదానిని కౌగిలించుకోవడానికి ఎవరు వచ్చారు? ప్రాణిని మన మనశ్శాంతికి ఉపకరణంగా చూడడం కూడా ఒక విధమైన హింసే. స్వస్థత సేవకు లభించే ప్రసాదం. ప్రసాదం కోసమే గుడికి వచ్చేవాడు భక్తుడు కాడు.

ఇప్పుడు అందరికన్నా బలమైన ఆక్షేపణ. కుక్కలు పిల్లలను కరుస్తున్నాయి కదా? నిజం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి ఒక పసివాడు బలైపోయాడు. ఆ తల్లి ముందు నిలబడి ధర్మరాజు కథ చెప్పే ధైర్యం నాకు లేదు. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బతకడం దాదాపు అసంభవం. భయం న్యాయమైనదే, మార్గం అన్యాయమైనది. విషం పెట్టినచోట కొన్నాళ్లకు పక్క పల్లెల కుక్కలు చేరతాయి, అవి టీకా ఎరుగనివి. నూటికి 70 కుక్కలకు టీకా వేస్తే ఆ వ్యాధి వ్యాప్తి తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2023 నాటి జంతు జనననియంత్రణ నియమాలు కూడా శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదలమంటున్నాయి. విషం పెట్టడం భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్లవరకు కారాగారయోగ్యమైన నేరం. దయ, ఆరోగ్యశాస్త్రం, చట్టం మూడూ ఒకే దిక్కు చూపుతుంటే మనం నాలుగవ దిక్కుకు పోతున్నాం.

బృహదారణ్యకం గృహస్థుని గురించి ఒక గంభీరమైన మాట చెప్పింది. వాని యింట జంతువులు, పక్షులు, చీమలదాకా ఏవేవి బతుకుతాయో వాటికి అతడే 'లోకం' అవుతాడట. ఇల్లు ఎంత పెద్దదని కాదు, ఎన్ని ప్రాణాలకు లోకమైందని లెక్క. మా వృద్ధునిది రెండు గదుల పెంకుటిల్లు. అది నల్లోడికి లోకం. నల్లోడు ఆయనకు లోకం. విషం పెట్టినవారు ఒక్క కుక్కను చంపలేదు, ఒక లోకాన్ని రెండువైపుల నుండి కూల్చారు.

కనుక నా వంతుగా నేను చేయదలచినవి చెప్పి ముగిస్తాను. ఇకపై మా గుడిలో నివేదన తరువాత భూతబలి విధిగా ప్రాకారం వెలుపల జరుగుతుంది, కర్ర లోపలే ఉంటుంది. ఎండాకాలం వాకిట నీళ్లతొట్టి ఉంటుంది. కార్తికంలో గుడి ఆవరణలో పశువైద్యులను పిలిపించి కుక్కలకు రేబీస్ టీకాలు, పశువులకు గాలికుంటు టీకాలు వేయించమని అర్జీ పెడుతున్నాను. కుక్క కరిస్తే పసుపు, కారం అద్దక, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి వెంటనే టీకాకు వెళ్లమని ప్రతి ప్రవచనంలోనూ చెబుతాను. నా తోటి అర్చకులు తమ తమ గుడులలో ఇందులో ఒక్కటి చేసినా చాలు.

ఆనాటి విద్వాంసునితో వాదానికి నేను సిద్ధం. సభ ఎక్కడైనా సరే, కానీ మొదటి వరుసలో ఆ వృద్ధుణ్ణి కూర్చోబెట్టాలి. జంతుప్రేమ మోహమని ఆయన ముఖం చూస్తూ మరొకసారి చెప్పమనండి. ఆయన ఏమీ అనడు. మాట మానివేసి ఇప్పటికి రెండు నెలలు.

స్వస్తి.