ఓట్లు సమానమైతే గెలుపెవరిది? చీటీ చెబుతుంది!

ఎంట్రన్స్‌లో మీకూ, మీ ఫ్రెండ్‌కూ సరిగ్గా ఒకే మార్కులొచ్చాయనుకోండి. ముందు ర్యాంకు ఎవరికి? సబ్జెక్టు మార్కులు పోల్చి చూస్తారు. అవీ సమానమైతే చివరికి వయసు చూస్తారు. రూల్ ముందే నోటిఫికేషన్‌లో ఉంటుంది కాబట్టి ఎవరూ గొడవపడరు.

మరి ఎన్నికల్లో ఇద్దరికీ సమానంగా ఓట్లొస్తే? చదువు, వయసు, అనుభవం ఏదీ చూడరు. చీటీ తీస్తారు. నిజంగానే!

ప్రజాప్రాతినిధ్య చట్టం-1951లోని 65వ సెక్షన్ చెప్పేది ఇదే. రిటర్నింగ్ అధికారి అక్కడికక్కడే లాటరీ తీయాలి. ఎవరి పేరొస్తే వారికి ఒక ఓటు అదనంగా వచ్చినట్టు లెక్క. మన పల్లెల్లో సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికల్లో డ్రా తీయడం మీలో కొందరు చూసే ఉంటారు. మహానగరాల్లోనూ ఇది తప్పలేదు. 2017 ముంబయి కార్పొరేషన్ ఎన్నికల్లో ఒక వార్డులో శివసేన, బీజేపీ అభ్యర్థులకు చెరో 5,946 ఓట్లొచ్చాయి. లాటరీలో బీజేపీ అభ్యర్థి గెలిచారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు తిరకాసు రాజ్యసభ ఎన్నికల్లో ఉంది.

2024 ఫిబ్రవరిలో హిమాచల్‌ప్రదేశ్‌లో ఒక్క రాజ్యసభ సీటుకు పోటీ జరిగింది. సొంత ఎమ్మెల్యేలు ఆరుగురు అటువైపు ఓటేయడంతో కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ మను సింఘ్వీకి 34, బీజేపీ అభ్యర్థి హర్ష్ మహాజన్‌కు 34 ఓట్లొచ్చాయి. చీటీ తీస్తే సింఘ్వీ పేరొచ్చింది. గెలిచింది మాత్రం మహాజన్!

ఎందుకలా? రాజ్యసభ ఎన్నిక ప్రాధాన్య ఓట్ల పద్ధతిలో జరుగుతుంది. ఇందులో తక్కువ ఓట్లొచ్చినవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ పోతారు. కింద ఇద్దరు సమానంగా నిలిస్తే ఎవరిని తప్పించాలో చీటీ చెబుతుంది. అంటే పేరొచ్చినవారు ఔట్. సింఘ్వీ దీన్ని హైకోర్టులో సవాలు చేశారు. అదే ఏడాది ఆగస్టులో ఆయన మన తెలంగాణ నుంచే రాజ్యసభకు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అది వేరే సంగతి.

కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ ఒకటే, అవుట్‌పుట్ మాత్రం ఒకచోట గెలుపు, ఇంకోచోట ఓటమి. లెక్క ప్రకారం ఇందులో అన్యాయం లేదు. ఎటు చూసినా అవకాశం యాభై-యాభయ్యే. కానీ ఎన్నిక లెక్కతోనే నడవదు, నమ్మకంతో నడుస్తుంది. చీటీ తీశాక దాని అర్థం గురించి వాదులాడుకునే పరిస్థితి వస్తే ఆ నమ్మకం దెబ్బతింటుంది. అందుకే రెండుచోట్లా ఒకే రూల్ ఉండాలన్నది నా అభిప్రాయం. కనీసం డబ్బాలో చేయి పెట్టకముందే 'ఈ పేరొస్తే ఇదీ ఫలితం' అని అందరి ముందూ గట్టిగా చదివి వినిపించాలి.

చీటీ బదులు ఇంకో దారి లేదా అంటే, ఉంది. ఫ్రాన్స్‌లో ఓట్లు సమానమైతే వయసులో పెద్దవారిని గెలిచినట్టు ప్రకటిస్తారు. అక్కడ చీటీ గొడవే ఉండదు. కాకపోతే టై అయిన ప్రతిసారీ నష్టపోయేది చిన్నవాళ్లే. మన వయసువాళ్లు పోటీకి దిగితే ఏది నయం? నా ఓటు చీటీకే. దానికి పెద్దా చిన్నా తేడా తెలియదు.

గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లు 65వ సెక్షన్‌ను నోట్స్‌లో రాసుకోండి. మిగతావాళ్లు ఇంకో రెండు లెక్కలు గుర్తుపెట్టుకోండి. 1989లో అనకాపల్లి లోక్‌సభ సీటులో కొణతాల రామకృష్ణ మెజారిటీ 9 ఓట్లు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సీపీ జోషీ ఓడిపోయింది ఒకే ఒక్క ఓటుతో.

హాస్టల్లో ఉంటూ, ఓటు ఊళ్లో పెట్టుకుని 'ఒక్క ఓటుకు బస్సు టికెట్ దండగ' అని మీరూ అనుకుని ఉంటారు. నేనూ ఒకసారి అలాగే ఆగిపోయాను. మనం వేయని ఆ ఓటు పనే కదా, చివరికి డబ్బాలోని చీటీ చేసేది!