రిమోటాయణం

సీతాఫల్‌మండిలో మా ఇంట్లో టీవీ ఒక్కటే. దాన్ని చూడ్డానికి రిమోట్లు మాత్రం నాలుగు. టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్సుది ఒకటి, సౌండ్‌బారుది ఒకటి, స్ట్రీమింగ్ స్టిక్కుది ఒకటి. ఏసీ రిమోటు కూడా ఆ సోఫా మీదే దొర్లుతుంటుంది కాబట్టి అయిదనుకోండి. మీ ఇంట్లోనూ ఇంచుమించు ఇదే లెక్కని పందెం కాస్తా.

"పెద్దవాళ్ళకి టెక్నాలజీ రాదండీ" అని మనం చప్పరించేస్తుంటాం చూశారూ, అది శుద్ధ అబద్ధం. మా అమ్మమ్మకి డెబ్భై ఆరేళ్ళు. పాలవాడికి ఫోన్‌పేలో డబ్బులు కొడుతుంది. వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి నా పొట్ట పెరిగిందని తిడుతుంది. అలాంటి మనిషి సాయంత్రం సీరియల్ పెట్టుకోలేక, హైటెక్ సిటీలో మీటింగులో ఉన్న నాకు ఫోన్ చేసేది. "బిడ్డా, టీవీల బొమ్మ వస్తలేదు" అని. నీలం తెర వస్తోందా, నల్ల తెరా, మూలన ఏమన్నా రాసుందా... ఇలా ఒక్కోటీ అడిగేలోపు సీరియల్ కాస్తా అయిపోయేది. ఈమధ్య ఫోన్లు ఆగిపోయాయి. బాగైందేమో అనుకున్నా. తీరా చూస్తే ఆవిడ టీవీ పెట్టడమే మానేసింది. "నువ్వు పనిల ఉంటవు గద, ఊకె ఏం ఫోన్ జేస్త" అంది. సొంత ఇంట్లో సొంత టీవీ పెట్టుకోడానికి మొహమాటం!

తప్పు ఆవిడది కాదు, డిజైనుది. ఎలాగో చెప్తా.

రిమోటు మీద పవర్ బటన్ సాధారణంగా పంపేది "ఆన్ అవ్వు" అనో "ఆఫ్ అవ్వు" అనో కాదు, "ఇప్పుడున్నదానికి రివర్స్ అవ్వు" అని. పైగా ఇన్‌ఫ్రారెడ్ వన్‌వే ట్రాఫిక్కు. సిగ్నల్ అందిందో లేదో రిమోటుకి తెలిసే దారి లేదు. ఇప్పుడు టీవీకీ బాక్సుకీ కలిపి పనిచేసేలా రిమోటుని సెట్ చేసి చేతిలో పెట్టారనుకోండి. మధ్యలో ఎవరో అడ్డొచ్చి ఒకదానికి సిగ్నల్ అందకపోతే టీవీ ఆన్, బాక్సు ఆఫ్. మళ్ళీ నొక్కితే టీవీ ఆఫ్, బాక్సు ఆన్. ఇక జన్మలో కలవవు. ఎక్‌నాలెడ్జ్‌మెంట్ లేని టాగుల్ కమాండుని మన కోడ్ రివ్యూలో ఎవడైనా పెడితే ఊరుకుంటామా? అమ్మమ్మ చేతికి మాత్రం అదే ఇచ్చాం.

1956లో జెనిత్ కంపెనీకి రాబర్ట్ ఆడ్లర్ చేసిన స్పేస్ కమాండ్ రిమోటులో నాలుగే బటన్లు. పవర్, ఛానెల్ ముందుకి, వెనక్కి, సౌండ్ కట్. సెల్స్ కూడా అక్కర్లేదు, లోపలున్న చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడితే వచ్చే అల్ట్రాసౌండే సిగ్నల్. మా అమ్మమ్మకి ఇవాళ్టికీ కావాల్సినవి దాదాపు ఆ నాలుగే (సౌండ్ పెంచడం ఒకటి కలపాలి, చెవులు కాస్త మందం).

మనకి ఈ తద్దినం ఎప్పుడు మొదలైందంటే, కేబుల్ డిజిటైజేషన్‌తో. రెండో దశ 38 నగరాల్లో హైదరాబాదు కూడా ఉంది, గడువు 2013 మార్చి 31. అంతకుముందు కేబుల్ వైరు తెచ్చి నేరుగా టీవీకి గుచ్చితే అయిపోయేది. ఒక టీవీ, ఒక రిమోటు. బాక్సు తప్పనిసరి చేసిన ప్రభుత్వం ఆ బాక్సు టీవీతో మాట్లాడాలని మాత్రం తప్పనిసరి చెయ్యలేదు. డీటీహెచ్ కంపెనీల బాక్సులు ఒకదాని బదులు ఒకటి పనికిరావాలని 2001 మార్గదర్శకాల్లోనే ఉంది. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ మళ్ళీ సిఫారసు చేసింది. ఇప్పటికీ కంపెనీ మారితే బాక్సూ మారాలి, రిమోటూ మారాలి, అమ్మమ్మ మళ్ళీ ఎల్‌కేజీలో చేరాలి.

పోనీ పరిష్కారం లేదా అంటే, హెచ్‌డీఎంఐ మొదటి స్పెసిఫికేషన్ వచ్చిన 2002 నుంచీ ఉంది. దాని పేరు సీఈసీ. కనెక్టర్లో పదమూడో పిన్ను దానికోసమే. బాక్సు ఆన్ చేస్తే టీవీ తనే లేచి సరైన ఇన్‌పుట్‌కి మారుతుంది, వాల్యూమ్ నొక్కితే సౌండ్‌బారుకి వెళ్తుంది. రెండు వైపులా మాట్లాడుతుంది కూడా. మరి? పరికరంలో దాన్ని పెట్టడం ఐచ్ఛికమట. పెట్టినవాళ్ళు కూడా సొంత పేర్లు తగిలించారు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. మెనూలో సీఈసీ అని వెతికితే దొరక్కుండా చెయ్యడమెలాగో వీళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. మా బాక్సులో అయితే అది లేనే లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "సీసీ కెమెరానా సార్?" అన్నారు.

బటన్ కోసం రిమోటు మీద చోటు లేదనకండి. 2011 నుంచీ నెట్‌ఫ్లిక్స్‌కి సొంత బటన్ ఉంది, ఆ తర్వాత మిగతావాళ్ళూ క్యూ కట్టారు. మా ఇంట్లో ఎవరూ చందా కట్టని వాటికి రెండు బటన్లున్నాయి. పొరపాటున వేలు తగిలితే సీరియల్ కాస్తా మాయం.

"యూనివర్సల్ రిమోట్ కొనుక్కో" అంటారు మిత్రులు. అందులో పేరున్న హార్మొనీని లాజిటెక్ 2021లో ఆపేసింది. గుజరాతీ గల్లీలో దొరికే చవక రిమోట్లు గుడ్డిగా కోడ్లు విసరడమేగా, ఆ టాగుల్ జబ్బు వాటికీ ఉంది. "ఫోన్లో యాప్ వేసుకో" అనేవాళ్ళకి ఒక్కటే చెప్తా. మీ అమ్మగారికి వేసిచ్చి, వారం తర్వాత నాతో మాట్లాడండి.

శాటిలైట్ ట్యూనరు లోపలే ఉండే టీవీలకి బీఐఎస్ 2023లో ప్రమాణం ప్రకటించింది. మంచిదే. ఇక్కడ అమ్మే ప్రతి బాక్సులోనూ, టీవీలోనూ సీఈసీ ఉండాలి, పెట్టెలోంచి తీసేటప్పటికే అది ఆన్‌లో ఉండాలి, ఆన్‌కీ ఆఫ్‌కీ వేర్వేరు కోడ్లుండాలి అని ఇంకో నాలుగు లైన్లు రాయడానికి ఏం అడ్డం? హార్డ్‌వేర్‌కి ఉన్న వైరే కదా.

అంతదాకా ఎందుకు, సెట్‌టాప్ బాక్సు ఫర్మ్‌వేర్ మీద పనిచేసేవాళ్ళు మనలోనే ఉన్నారు. మీ బ్యాక్‌లాగులో అట్టడుగున సీఈసీ టికెట్టు ఒకటి ఎన్నేళ్ళనుంచో మూలుగుతూ ఉండే ఉంటుంది. వచ్చే స్ప్రింటులో దాన్ని పైకి లాగండి. ప్రయారిటీ ఎందుకు పెంచావని మేనేజర్ అడిగితే, వాళ్ళమ్మగారు టీవీ ఎలా పెట్టుకుంటున్నారో ఒకసారి కనుక్కోమనండి.